తొక్కుడుబిళ్ళ బిస్కత్తు

మా ఆత్మకూరు వీధిలో బిడ్డకు పుట్టినరోజు విందు చేసిన మొదటి మనిషిని నేనే. ఈ మాట ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే. ధాత నామ సంవత్సరపు కరువు పోయి, చెరువుల్లోకి నీళ్ళొచ్చి, జనం మళ్ళీ ఒకరినొకరు ఎగతాళి చేసుకునేపాటి ఓపిక తెచ్చుకున్న రోజులవి. మా పాపకు ఆరేళ్ళు నిండబోతున్నాయి. మా ఇంటాయన వీధి చివరి గుడిసెలో పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు కనుక పాప పుట్టిన తేదీని బైబిలు అట్ట లోపల రాసి పెట్టాడు. మిగతా పిల్లలను ఎప్పుడు పుట్టావని అడిగితే జొన్న కోతలప్పుడనో, ఎర్రావు ఈనిన వారమనో చెప్పేవాళ్ళు. తేదీ ఉన్న పిల్ల మా పాప ఒక్కతే. ఉన్న తేదీని ఊరికే పోనివ్వడం నాకు నచ్చలేదు.

పైగా నాకు బిస్కత్తులు చేయడం వచ్చు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు నెల్లూరులో ఒక దొరగారి బంగళా వంటింట్లో పనిచేశాను. అక్కడి ముసలి వంటాయన నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడు కాదు గాని, గిన్నెలు తోముతూనే ఆయన చేతులు చూసి అన్నీ నేర్చేసుకున్నాను. దొర పిల్లల పుట్టినరోజుకు చక్కెర బిస్కత్తులు చేసేవాడు. చెక్క అచ్చులో పిండి ఒత్తి తీస్తే గుర్రాలు, పడవలు, పువ్వులు. వాటి మీద గుడ్డు తెల్లసొనతో కలిపిన చక్కెర పూసి రంగులు వేసేవాడు. అవి బల్ల మీదికి వెళుతుంటే నేను తలుపు చాటు నుంచి చూసి, నాకొక బిడ్డంటూ పుడితే ఇంతకు రెట్టింపు చేస్తానని పంతం పట్టాను.

“గుర్రాలు కావాలా, పువ్వులు కావాలా?” అని పాపను అడిగాను.

అరుగు మీద కూర్చుని వీధి వైపు చూస్తున్న పిల్ల తల కూడా తిప్పలేదు. “ఆటలు కావాల,” అంది. “బొంగరం, బిళ్ళంగోడు, గోలీలు, చెడుగుడు. ఇంకా తొక్కుడుబిళ్ళ.”

ఆ అరుగు సంగతి చెప్పాలి. కరువులో మా పిల్ల కాళ్ళు చీపురు పుల్లలయ్యాయి. నడిచే పిల్ల నడక మానేసింది. గంజి దొరికి, తర్వాత అన్నం దొరికి మళ్ళీ లేచి తిరగడం మొదలుపెట్టిన నెలలోనే తొక్కుడుబిళ్ళ ఆడబోయి పడిపోయింది. పడి, లేవలేదు. పరుగెత్తుకెళ్ళి ఎత్తుకుంటే ఖాళీ బుట్టను ఎత్తినట్టుంది. ఆ బరువు, కాదు, ఆ బరువు లేకపోవడం నా చేతుల్లోంచి ఎప్పటికీ పోలేదు. ఆ రోజు నుంచి అరుగు దిగి ఆడకూడదని చెప్పేశాను. నడవొచ్చు, బడికి పోవచ్చు, నీళ్ళకు నాతో రావచ్చు. గెంతడం మాత్రం లేదు. ఏడాదిన్నర అయింది. పిల్ల బుగ్గలు నిండాయి, పిక్కలు గట్టిపడ్డాయి. ఇక ఆడనీయవే అని మా ఇంటాయన అప్పుడప్పుడు నసిగేవాడు. “మీరు మీ బడి చూసుకోండి,” అనేదాన్ని. నా కోపం ముక్కు మీదే ఉంటుందని ఆయనకు తెలుసు. పోయి బడి చూసుకునేవాడు.

పిల్ల మాత్రం అరుగు మీద ఊరికే కూర్చోలేదు. వీధి ఆటలన్నిటికీ తీర్పరి అయింది. గోలీ గీతకు తగిలిందా, ఊపిరి మధ్యలో వదిలాడా, బిళ్ళంగోడు కొట్టినవాడు తొండి చేశాడా, అన్నీ మా అరుగు ముందుకే వచ్చేవి. ఆమె చెప్పిందే తీర్పు. ఆటలో అడుగు పెట్టని పిల్లకు ఆటలన్నీ కంఠతా వచ్చు. అది చూసి నేను మురిసిపోయేదాన్ని. పిల్లకు కాలక్షేపం అయిపోతోంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

సరే, ఆటల బిస్కత్తులు. నా బుర్రలో అప్పుడే పొయ్యి రాజుకుంది. అచ్చులెవరు చేస్తారన్న ప్రశ్నే లేదు. మా పుట్టిల్లు ఉదయగిరి. కొండ మీద నర్ది చెట్లుంటాయి. ఆ కర్ర తెల్లగా, నున్నగా ఉంటుంది. దానితో తెడ్లూ గరిటెలూ చెక్కడం మా నాయన పని. తెడ్డు పిడి మీద ఆయన చెక్కే చేపలు, చిలకలు చూడటానికి వచ్చి, చూసినందుకు సిగ్గుపడి తెడ్డు కొనుక్కుపోయేవాళ్ళు జనం. విందుకు నెల ముందు పాపను తీసుకుని బండెక్కి ఉదయగిరి వెళ్ళాను.

నాయన ఉలి పక్కన పెట్టి విన్నాడు. ఒక్కొక్క ఆటకూ తలాడించాడు. చెడుగుడు దగ్గరకొచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఊపిరి బిగబట్టడాన్ని ఎట్లా చెక్కేదమ్మా? కర్రలో ఊపిరి యాడుండాది?”

నాకూ తోచలేదు. పాప అంది: “చెయ్యి చెక్కు తాతా. చాపిన చెయ్యి, ముందర ఒక గీత. చివరి వేలు గీతకి తగలబోతా ఉండాల.”

నాయన మనవరాలి వైపు కాసేపు చూసి, నా వైపు తిరిగి, “ఈ పిల్ల ఎవరి పోలికే?” అన్నాడు. నా పోలికే అన్నాను. “నీకింత బుద్ధి యాడిది?” అన్నాడు.

బిస్కత్తు ఎంత ఉండాలని అడిగితే నేను చేత్తో చూపించబోయాను. పాప పావడా అంచున వేసుకున్న ముడి విప్పి ఒక కుండపెంకు తీసి తాత అరచేతిలో పెట్టింది. “ఇంత,” అంది. గుండ్రటి పెంకు. అంచులు రాతి మీద అరగదీసి అరగదీసి గోలీ అంత నునుపు చేసి ఉన్నాయి. అది తొక్కుడుబిళ్ళ ఆడే బిళ్ళ అని ఎవరికైనా తెలుస్తుంది. అంత నునుపు చేయాలంటే ఎన్ని రోజులు పట్టి ఉంటుందో కూడా తెలుస్తుంది. నాకు ఆ క్షణాన తట్టింది ఒక్కటే, భలే, కొలత దొరికింది అని. నాయన దాన్ని తిప్పి తిప్పి చూసి రొంటిన దోపుకున్నాడు.

తిరిగొచ్చినప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. గోధుమలు తెచ్చి తిరగట్లో విసిరి, పలచటి గుడ్డలో రెండుసార్లు జల్లించాను. చక్కెరను రోట్లో దంచి అదే గుడ్డతో వస్త్రగాళితం పట్టాను. ఆ పొడి గాలికి లేచి నా కనుబొమ్మల మీద కూర్చుంటే పాప నవ్వి నవ్వి పడిపోయింది. రంగులకు ఎర్ర తోటకూర ఉడికించి పిండితే గులాబి రంగు, పసుపు కొమ్ము అరగదీస్తే పసుప్పచ్చ రంగు. నేరేడు పళ్ళ కాలం కనుక ఊదా రంగు చెట్ల కిందే రాలి ఉంది. ఆ మూడు చిప్పల్నీ వరసగా పెట్టుకుని చూస్తే నాకే రాజ్యం వచ్చినట్టుంది.

పొయ్యి కథ వేరు. బంగళాలో ఇనప తలుపు పొయ్యి ఉండేది. మా ఇంట్లో ఇనప బాణలి ఉంది. దాంట్లో ఇసుక పోసి వేడెక్కించి, ఇసుక మీద ఇత్తడి పళ్ళెం పెట్టి, పైన మూకుడు బోర్లించి, మూకుడు మీద నిప్పులు పరిచాను. మొదటి వాయి అడుగంతా బొగ్గయింది. రెండో వాయి పైన మాడి లోపల పచ్చిగా ఉంది. మూడోది మా ఇంటాయన తిని “బాగానే ఉండాదే” అన్నాడు గాని, ఆయన నా చేతి వంట దేన్నైనా అంతే అంటాడు. నాలుగో వాయి తీసి విరిస్తే ‘టప్’ మంది. ఆ చప్పుడు విన్నాక వంటింట్లో నేను వేసిన చిందులు పాప తప్ప ఎవరూ చూడలేదు. దేవుడి దయ.

విందు రేపనగా పొద్దున్నే నాయన దిగాడు. సంతకని తెచ్చిన తెడ్ల మోపు అరుగు మీద పడేసి, తలగుడ్డలో మూటగట్టిన అయిదు చెక్క బిళ్ళల్ని నా ముందు పరిచాడు. ఎంత బాగున్నాయో! బొంగరానికి చుట్టిన తాడు మెలికలతో సహా ఉంది. గోలీలు మూడు, ఒకటి పక్కదానికి తగిలి పక్కకు దొర్లుతున్నట్టే. చెడుగుడు చేతికి గోళ్ళు కూడా ఉన్నాయి. తొక్కుడుబిళ్ళ గళ్ళ గీతలు సన్నగా, తిన్నగా. మురిసిపోతూ వేలితో తడిమి చూశాను.

బొమ్మలన్నీ పైకి లేచి ఉన్నాయి. అచ్చంటే బొమ్మ గుంటగా లోపలికి ఉండాలి. గుంటలో పిండి ఒత్తితే బిస్కత్తు మీద బొమ్మ పైకి తేలుతుంది. మా నాయన పుట్టాక అచ్చనేదాన్ని చూడలేదు. తెడ్డు పిడి మీద చేపను చెక్కినట్టే, చుట్టూ కర్ర తీసేసి బొమ్మను తేల్చేశాడు. లోపలికి చెక్కమని నేను చెప్పనేలేదు. నాకు తెలిసింది లోకానికంతా తెలుసనుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

తప్పు నాదని తెలిసినప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది. “ఇదేంది నాయనా! అచ్చు అడిగితే తెడ్డు పిడి చేసుకొచ్చినావే! ఇప్పుడు నేను వీటిని పెట్టుకుని ఏం చేసేది? రేపు పదిహేనుమంది పిల్లకాయలు వస్తా ఉండారు!”

“బొంగరం చెక్కమంటే బొంగరం చెక్కినాను. బొంగరం గాకుండా బొంగరం గుంట చెక్కాలని నాకేం తెలుసు? నోరు తెరిచి చెప్పుంటే చేసుంటాను గదా,” అన్నాడు నాయన. నిజమే. అందుకే ఒళ్ళు మండింది.

పాప గుమ్మంలో నిలబడి ఇద్దరి మొహాలూ చూస్తోంది. ఆ మొహం చూసి దుఃఖం, దుఃఖం మీద కోపం. ఎదుట పీట మీద పిండి పరిచి ఉంది. బొంగరం చెక్కను తీసి బలమంతా పెట్టి దాని మీద ఒక్క గుద్దు గుద్దాను.

“చంపినావు పో,” అన్నాడు నాయన.

చెక్క పైకి తీశాను. పిండిలో బొంగరం లోపలికి దిగి ఉంది. తాడు మెలికలు, మొన, అన్నీ సూదితో గీసినట్టు స్పష్టంగా. బంగళా వంటాయన బిస్కత్తుల మీద బొమ్మ తేలి ఉండేది, నిజమే. ఆయన పూసిన రంగులు అంచులు దాటి ఒకదాంట్లోకి ఒకటి కారిపోయి, గుర్రమేదో రౌతేదో తెలిసేది కాదన్నదీ నిజమే. ఇక్కడ రంగు పోయడానికి గుంటలున్నాయి! కాలువకు గట్టున్నట్టు అంచులున్నాయి! రంగు కారి ఎక్కడికి పోతుంది?

ఈ సంగతి నాకు తట్టేసరికి ఎంత గట్టిగా కేక పెట్టానో, బడిలో ఉన్న మా ఇంటాయన బలపం చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇల్లంటుకుందనుకున్నాడట. “నాయనా, నువ్వు బంగారం!” అన్నాను. ఇంతకుముందే తిట్టిన నోటితోనే. నాయన మీసం దువ్వుకుని, ముందు నుంచీ అదే ఆలోచనతో చెక్కినవాడిలా కూర్చున్నాడు. తర్వాత బతికినన్నాళ్ళూ ఉదయగిరిలో అలాగే చెప్పుకున్నాడు కూడా.

ఇక ఆ రోజంతా ఆ వంటింట్లో పండగే. లోటా అంచుతో గుండ్రంగా కోయడం నా పని, చెక్కతో ఒత్తడం నాయన పని, నిప్పులు ఎగదోయడం మా ఇంటాయన పని. బడి పిల్లల్ని ఇళ్ళకు పంపేశాడు పాపం, నేను రమ్మనలేదు, వాసన లాక్కొచ్చింది. నెయ్యీ యాలకులూ చక్కెరా కలిసి కాలే వాసన వీధి మొదటి దాకా వెళ్ళింది. దారిన పోయేవాళ్ళు ఏదో పని ఉన్నట్టు మా గుమ్మం ముందు ఆగి తలగుడ్డలు సర్దుకున్నారు. బిస్కత్తులు చల్లారాక తెల్లసొన చక్కెరలో రంగులు కలిపి, కోడి ఈక మొనతో గుంటల్లోకి వదిలాం. బొంగరం ఊదా, తాడు పసుప్పచ్చ. గోలీలు మూడూ మూడు రంగులు. చెడుగుడు చెయ్యి గులాబి. రంగు అంచు దాకా వచ్చి బుద్ధిగా అక్కడే ఆగిపోతుంటే, ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే నాకు ఒళ్ళు పులకరించింది. అర్ధగంటలో ఆరి, గోటితో కొడితే టిక్కుమనేలా గట్టిపడ్డాయి.

తొక్కుడుబిళ్ళ గళ్ళ గీతల్లో రంగు నింపే పని మాత్రం పాప ఎవరికీ ఇవ్వలేదు. నాలుక పంటి కింద పెట్టుకుని తెల్ల చక్కెర నింపింది, వీధిలో ముగ్గుపిండితో గీసిన గీతల్లాగే. ఒక్క గీత కూడా వంకర పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలొచ్చారు. తల తడిపి దువ్వుకుని, ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ. చాపల మీద కూర్చోబెట్టి తాటాకు పళ్ళాలు పెట్టాం. నాయన తాటాకు తట్ట పైన గుడ్డ తీశాడు. పదిహేను నోళ్ళు తెరుచుకున్నాయి గాని ఒక్క మాట బయటికి రాలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను నాలుగేళ్ళు తలుపు చాటు నుంచి చూశాను. ఈసారి తట్ట నాది, ఇల్లు నాది, పిల్ల నాది. ఛాతీ ఎంత పొంగిందో ఏం చెప్పను.

ఆ తర్వాత గోలే గోల. “బొంగరం నాది!” “నీకెందుకురా బొంగరం, తిప్పడం రాదు గదా!” “చెయ్యి చూడండ్రా, గోళ్ళుండాయి!” ఒకడు బిళ్ళంగోడు బిస్కత్తును కొరకబోయి మనసొప్పక జేబు లేని అంగీలో దాచుకోవాలని చూశాడు. పంపకాల తగవులు పాప ముందుకే వచ్చాయి. ఆమె ఎప్పటిలా తీర్పులు చెప్పింది. తను మాత్రం తొక్కుడుబిళ్ళ బిస్కత్తు ఒకటి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

తినడం అయిపోయింది. పిల్లలకు తిన్న ఆటలన్నీ కాళ్ళలోకి దిగాయి కాబోలు, ఒక్కసారిగా బిలబిలమంటూ వీధిలోకి పరుగెత్తారు. చాపల మీద బిస్కత్తు పొడి మిగిలింది. అరుగు మీద పాప మిగిలింది.

“తినమ్మా, నీది అట్లే ఉండాది,” అన్నాను.

పాప తినలేదు. బిస్కత్తును నా కళ్ళ ముందు ఎత్తి పట్టుకుంది. “అమ్మా, దీని మీద అయితే గీతలు గీయనిచ్చినావు. నేల మీద ఎందుకు ఆడనీయవు?”

నెల రోజులుగా విసిరినదీ దంచినదీ జల్లించినదీ ఎందుకో ఒక్కసారిగా అర్థమైంది. ఆ పిల్ల అడిగిన ఆటలు ఇవ్వడానికి భయపడి, వాటి బొమ్మలు చేసి చేతిలో పెట్టాను. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, మింగేశాను.

నాయన లేచాడు. రొంటిలోంచి కుండపెంకు తీసి పాపకు అందించాడు. నెలరోజులూ దాన్ని భద్రంగా ఉంచాడు. “కొలత అయిపోయింది గదా. ఎవరి సొమ్ము వాళ్ళకి,” అని, నా వైపు చూశాడు. పాప కూడా నా వైపే చూసింది. ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. నా చేతుల్లో ఆ ఖాళీ బుట్ట బరువు మళ్ళీ తెలిసింది.

“పో,” అన్నాను. “పోయి ఆడుకో.”

బిస్కత్తు నా చేతిలో పెట్టి అరుగు మీంచి దూకింది. దిగలేదు, దూకింది. ఆడపిల్లలు అప్పటికే గళ్ళు గీసి ఉన్నారు. పెంకు మొదటి గడిలో వేసింది, ఎత్తిన కాలు చేత్తో పట్టుకోకుండా నిలబెట్టుకుని గెంతింది. రెండు, మూడు, నాలుగు. నేను అరుగు స్తంభాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే గోళ్ళలో సున్నం దిగింది. అయిదో గడిలో కాలు తూలి పడిపోయింది.

అందరూ ఆగిపోయారు. పిల్లలంతా నా మొహం వైపు చూశారు, నేను పరుగెత్తుకొస్తానని. ఒక కాలు అరుగు కిందికి వేశాను కూడా. అంతలో పాప లేచి కూర్చుంది. మోకాలి దుమ్ము కూడా దులుపుకోలేదు.

“గీత తొక్కినావు! ఆట పోయింది!” అంది ఎదుటి పిల్ల.

“తొక్కలే! పడినానంతే! గీత లోపలే పడినా!”

“తొక్కినావు!”

“తొక్కలే!”

అంతా అలవాటుగా తీర్పు కోసం అరుగు వైపు తిరిగారు. తీర్పు చెప్పే పిల్ల అక్కడ లేదు, దుమ్ములో కూర్చుని పోట్లాడుతోంది. అరుగు మీద నేనున్నాను, ఒక చేతిలో బిస్కత్తుతో.

“తొక్కలే! నేను చూసినాను!” అని వీధంతా వినబడేట్టు అరిచాను.

నిజం చెప్పాలంటే తొక్కింది. మడమ మొత్తం గీత మీదే ఉంది.